శోభ పెళ్లికి తెచ్చిన పాలపొరక

మన్ననూరు,
17 నవంబరు 2024

మొగులయ్య మామకు,

మేనకోడలు సంతోషి నమస్కారాలు. ఇక్కడ నేనూ నా మొక్కలూ కులాసా. చెదలు కూడా కులాసాగానే ఉన్నాయి, అదే బాధ. ఫోను చేస్తే నీ ఇంటి మీద విమానం, నా దగ్గర అడవి. మొన్న పావుగంట మాట్లాడితే నాకు వినపడింది "ఆఁ" ఒకటి, "ఏందీ" ఒకటి. ముప్పై ఎనిమిదేళ్లు ఊరందరి ఉత్తరాలూ మోసిన పోస్ట్‌మన్‌వి, నీకంటూ ఒక ఉత్తరం ఎవరైనా రాశారో లేదో అనిపించి కాగితం తీశాను.

అసలు సంగతి. కిందటి నెల నేనూ మా నర్సరీ పెద్ద మాధవీలత మేడమ్ వచ్చి నీ పొలం గట్టు మీది పాలచెట్టు చూసి వెళ్లాం కదా. మీ జిల్లా అంతా తిరిగితే మాకు దొరికిన ముసలి పాలచెట్లు మూడే మూడు. ఒకటి లోపల తొర్ర పోయింది. ఒకటి కాయడం మానేసింది. మూడోది నీది. అంతరించిపోతున్న మన చెట్లలో తపసికి, సోమికి, మొర్రికి, నారేపికి ఎలాగో గింజ సంపాదించాం. పాలకు మాత్రం దొరకలేదు. దాని గింజ ఆరిపోతే మొలవదు, మొలిచినా ఏడాదికి బెత్తెడు ఎదిగితే గొప్ప. "సపోటా అంటు కట్టేది దీని మీదనే గద" అని నువ్వు అన్నప్పుడు మేడమ్ నీకు అక్కడికక్కడే మార్కులు వేసేసింది.

నీ చెట్టుకు పూత అంతా దక్షిణం వైపు పెద్ద కొమ్మకే ఉంది. వచ్చే వేసవిలో ఆ కొమ్మ పండ్లే మా నర్సరీకి దిక్కు. అందుకే మా పత్రంలో "సంరక్షకుడు: మొగులయ్య" అని రాశాం. కింద హామీ సంతకం నాది. జర కనిపెట్టుకుని ఉండు మామా.

లింగమ్మ అత్తను అడిగానని చెప్పు.

నీ మేనకోడలు,
సంతోషి


శంషాబాద్,
5 జనవరి 2025

చిరంజీవి సంతోషికి మామ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కొత్త పోస్ట్‌మన్ మూడు రోజులు సంచిలో మాగబెట్టి ఇచ్చాడు. నేనైతే వాన కురుస్తున్నా ఏ రోజుది ఆ రోజే గడప దాటించేవాణ్ణి. జవాబు ఆలస్యమైంది మాత్రం నా వల్లే. నీ ఉత్తరాన్ని మీ అత్తకు చదివి వినిపించి, జవాబు మొదలుపెడితే నవ్వింది. "మాట్లాడేటప్పుడు ఒక తీరు, కాయిదం మీద ఒక తీరు. కలం పడితే వేరే మనిషివైతవ్ ఏందయ్యా?" అంది. ఊరివాళ్లకు ఉత్తరాలు రాసిపెట్టి రాసిపెట్టి నాకు పుస్తకం భాష అబ్బింది, ఏం చేయను?

చెట్టు దగ్గరకు పోయి చాలాసేపు చూశాను. అరవై రెండేళ్లుగా దాని నీడన సద్ది తిన్నాను, పండ్లు తిన్నాను. అది జిల్లాలో మూడో చెట్టని మాత్రం నీ ఉత్తరం వచ్చేదాకా నాకు తెలియదు. ఇప్పుడు చుట్టూ ప్లాట్ల రాళ్లే. పక్క వెంచరు గేటుకు కుర్మయ్య అని కొత్త కాపలాదారు వచ్చాడు. కొడంగల్ వైపు మనిషి, భార్య, రెండు మేకలు. నన్ను పోస్ట్ సారూ అని పిలుస్తాడు. మంచివాడే.

ఇక శుభవార్త. మీ చెల్లె శోభకు అత్తాపూర్ సంబంధం ఖాయమైంది. ఫిబ్రవరి 16న పెళ్లి. మీ నాన్న లేడు కాబట్టి మీ అమ్మ అనంతక్క పనులన్నీ నా మీదే పెట్టింది. మాటల్లో పాలపొరక సంగతి వచ్చింది. నీకు తెలుసు కదా, పందిట్లో పాతడానికి పాలుగారే చెట్టు కొమ్మను మన ఇంట్లో మేనమామే డప్పులతో పోయి తేవాలి. పిల్లవాడి పెద్దనాన్న, "ఈ దినాలల్ల ఏదో ఒక కొమ్మ తెచ్చి గుచ్చుతున్రు. అసలు పాలచెట్టు ఎవరు చూసిన్రు?" అన్నాడు. నేను ఊరుకుంటానా? "జిల్లాల మూడే ఉన్నయి, ఒకటి మా గట్టు మీద ఉన్నది. కాయిదం మీద నా పేరున్నది" అన్నాను. అందరూ నా వైపు తిరిగి చూశారు బిడ్డా. ముప్పై ఎనిమిదేళ్ల నౌకరీలో నన్ను ఎవరూ అట్లా చూడలేదు.

ఇదివరకు మేడి కొమ్మ తెచ్చేవాళ్లం. ఆ మేడి రోడ్డు వెడల్పులో పోయింది. చూద్దాం.

నువ్వు నాలుగు రోజుల ముందే రావాలి.

మామ,
మొగులయ్య


మన్ననూరు,
23 ఫిబ్రవరి 2025

మామా,

క్షేమంగా చేరాను. నాలుగు రోజుల ముందు రమ్మంటే పెళ్లి రోజు పొద్దెక్కి వచ్చానని నీకూ అమ్మకూ కోపం. నిజమే. విత్తనాల పని ఈ నెలలోనే పడింది. శోభ అప్పగింతల్లో నువ్వే ఎక్కువ ఏడ్చావు, పెళ్లికొడుకు భయపడ్డాడు. మా మాధవీలత మేడమ్‌కు బగారన్నం బాగా నచ్చింది. పందిట్లో అంతసేపు కూర్చుంది కదా, డప్పుల చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉందట.

పొలం వైపు పోవడానికి నాకు తీరిక దొరకలేదు. చెట్టు ఎలా ఉంది? దక్షిణపు కొమ్మకు పిందె నిలిచిందా? ఉన్నది ఉన్నట్టు రాయి మామా. నువ్వు ఏం రాసినా నేను కోపం చేసుకోను.

శోభ అత్తగారింటి నుంచి ఫోను చేసిందా? చేస్తే నా ముక్కుపుడక తిరిగి ఇవ్వమను.

సంతోషి


శంషాబాద్,
9 మార్చి 2025

చిరంజీవి సంతోషికి,

మీ మామ వ్రాయునది. నీ ఉత్తరం అందింది. శోభ బాగుంది. ముక్కుపుడక సంగతి చెప్పాను, వినపడనట్టు చేసింది.

చెట్టు గురించి రాయడానికి చేయి ఆడటం లేదు. మనమంతా పెళ్లి సందడిలో ఉండగా ఎవరో దక్షిణపు కొమ్మ కొట్టేశారు. బెరడు మాను దాకా చీలిపోయింది. ఎవరు కొట్టారో నేను చూడలేదు. కళ్లతో చూడనిది అనకూడదు. పక్క వెంచరు కుర్మయ్యకు రెండు మేకలున్న సంగతి నీకు ముందే రాశాను. మేకలకు ఆకు కావాలి. అంతకుమించి నేనేమీ అనను.

నీకు వేరే అనుమానం రాకూడదని ఒక మాట. పందిట్లో పాతిన పాలపొరక మన చెట్టుది కాదు. హిమాయత్ సాగర్ దిక్కు ఒక తోటలోంచి అడిగి తెచ్చాను. తోట ఆయన పేరు అడగడం మరిచిపోయాను.

మీ మేడమ్‌కు నా క్షమాపణలు చెప్పు. కాపాడలేకపోయాను.

మామ,
మొగులయ్య


మన్ననూరు,
30 మార్చి 2025

మామకు,

ఉగాది నమస్కారాలు. ఇక్కడ వేపపూత దండిగా ఉంది, బెల్లం మాత్రం నర్సరీ నుంచి మన్ననూరు ఊళ్లోకి పోయి తెచ్చుకున్నాం.

నీ ఉత్తరం మేడమ్ చదివింది. ఇంత కోపం ఆవిడకు నేనెప్పుడూ చూడలేదు. వెంచరు వాళ్లకు ఫిర్యాదు రాయమంది. ఎవరి మీద అని అడిగాను. నీ ఉత్తరంలో ఉన్న పేరు మీదే అంది. టైపు చేశాను. కవరు నా బల్ల మీద ఉంది. ఏప్రిల్ 5 శనివారం మా బండి హైదరాబాద్ పోతుంది, దాంట్లో పంపాలి. అప్పటిదాకా ఆపుతాను. నీకు ఇంకేమైనా గుర్తుకు వస్తే ఈలోపు ఎలాగైనా కబురు చెయ్యి. విమానం పోయేదాకా ఆగి అయినా ఫోనులో చెప్పు. నేను మన్ననూరు బస్టాండుకు రోజూ సాయంత్రం వచ్చి నిలబడతాను, అక్కడ సిగ్నల్ ఉంటుంది.

చీలిన చోట వేలాడే బెరడు శుభ్రంగా కోసి, ఎర్రమట్టి, పేడ కలిపి పూయి. చీమలు పట్టకుండా చూడు.

సంతోషి


శంషాబాద్,
27 ఏప్రిల్ 2025

చిరంజీవి సంతోషికి ఆశీస్సులు.

నీ ఉత్తరం ఏప్రిల్ 8న అందింది. అప్పటికే శనివారం దాటిపోయింది. కొత్త పోస్ట్‌మన్ సంగతి నీకు తెలిసిందే.

మట్టీ పేడా పూశాను. పైకొమ్మకు నాలుగు కాయలున్నట్టు కనపడుతోంది, చిలుకలు ఉంచుతాయో లేదో.

వెంచరు వాళ్లు కుర్మయ్యను తీసేశారు. గేటు పక్క రేకుల గదికి తాళం వేశారు. సామానంతా ఒక్క ట్రాలీ ఆటోలో పట్టింది. మేకలను కూడా అందులోనే ఎక్కించారు. పోయే ముందు మా ఇంటికి వచ్చి, "పోయొస్త పోస్ట్ సారూ" అన్నాడు. మీ అత్త మంచినీళ్లు ఇస్తే తాగాడు. ఆయన భార్య మాత్రం నా ముఖం చూడలేదు.

అమ్మా, ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకోవచ్చా? పేదవాడు. మేకలకు ఆకు కొట్టినా అంత పెద్ద శిక్ష ఎందుకు? మీ మేడమ్‌కు నచ్చజెప్పు. నువ్వు చెబితే వింటుంది.

మామ,
మొగులయ్య


మన్ననూరు,
11 మే 2025

మామా,

పేదవాడని ఫిర్యాదు వెనక్కి తీసుకోరు. తప్పు చేశాడా లేదా, అంతే. చేయలేదని నీకు తెలిస్తే, ఎట్లా తెలుసో రాయి.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి.

సంతోషి


శంషాబాద్,
25 మే 2025

సంతోషీ,

ఆశీస్సులు రాయడానికి ఈసారి నాకు ముఖం లేదు.

నీ పోయిన ఉత్తరం చదివి, ఈ పిల్ల ఇంత కటువుగా ఎప్పుడు తయారైంది అనుకున్నాను. రెండు వారాలు నిన్నే తిట్టుకున్నాను. అది కూడా తప్పించుకోవడానికే.

కొమ్మ కొట్టింది నేను. పెళ్లికి రెండు రోజుల ముందు, శుక్రవారం పొద్దున, కొత్త ధోవతి కట్టుకుని, డప్పులతో పోయి కొట్టాను. హిమాయత్ సాగర్ తోట లేదు, తోట ఆయనా లేడు. నాకు కావలసింది మణికట్టు లావు పాయ ఒకటి. ఐదో దెబ్బకు కొమ్మంతా తన బరువుకు తానే చీలుకుని, మాను బెరడు ఊడదీసుకుంటూ కింద పడింది. పూత రాలింది, పిందె రాలింది. డప్పులవాళ్లకు అదంతా ఏం తెలుసు, కొడుతూనే ఉన్నారు. నేను పాయ నరుక్కుని, దానికి పసుపు గుడ్డ కట్టుకుని, నవ్వుకుంటూ ఇంటికి వచ్చాను.

నిచ్చెన తెచ్చింది కుర్మయ్య. కింద పట్టుకున్నది కుర్మయ్య. "పోస్ట్ సారూ, గా పక్కకు చిన్న పాయ ఉన్నది, గది తీస్కోరాదు? గిది మస్తు పెద్దగున్నది" అన్నాడు. అత్తాపూర్ వాళ్లు చూసి మెచ్చుకోవాలని నేను వినలేదు. అట్లాంటి మనిషి పేరు నేను ఉత్తరంలో ఇరికించాను. నేరుగా అనకుండా, మేకలకు ఆకు కావాలి అని. పరాయివాళ్ల కోసం వందల ఉత్తరాలు రాసిన చేయి ఇది. ఏ మాట ఎక్కడ పెడితే ఎవరి మీదికి పోతుందో దానికి బాగా తెలుసు.

నువ్వు చెట్టు విలువ రాయకపోతే నేను ఏ జువ్వి కొమ్మో వెతుక్కునేవాణ్ణి. విలువ తెలిసిన తరువాతనే అది పెళ్లికి తగిన చెట్టని నాకు తోచింది. నిన్ను అనడం లేదు బిడ్డా. నా బుద్ధి అట్లాంటిది.

ఇంకోటి. నీ ఉగాది ఉత్తరం ఏప్రిల్ 3న, గురువారం మధ్యాహ్నమే వచ్చింది. 8 అని అబద్ధం రాశాను. ఆ కొత్త పోస్ట్‌మన్ పాపం సైకిలు పంక్చరైతే నడిచి తెచ్చి ఇచ్చాడు. నా నౌకరీలో ఏ ఉత్తరం తారీఖూ మార్చి చెప్పినవాణ్ణి కాదు.

మొన్న గురువారం కంటి దవాఖానకు పోతూ ఆరాంఘర్‌లో దిగాను. అడ్డా మీద కూలీల మధ్య కుర్మయ్య ఉన్నాడు, పార ఒళ్లో పెట్టుకుని. నన్ను చూసి నవ్వి చేయి ఎత్తాడు. నేను ఎదురుగా ఆగిన బస్సు ఎక్కేశాను. అది ఎక్కడికి పోతుందో కూడా చూడలేదు. అత్తాపూర్ దాకా పోయి దిగి, అక్కడ శోభ ఇల్లు రెండు సందుల అవతలే ఉన్నా పోకుండా, తిరిగి ఇంటికి వచ్చాను. మీ అత్తకు ఆ రోజే అంతా చెప్పాను. నాకు అన్నం పెట్టి, తన కంచం తీసుకుని బయటి అరుగు మీదికి పోయింది.

ఈ ఉత్తరం మేడమ్‌కు చూపించు. కుర్మయ్య పేరు తీసి నా పేరు రాయమను.

మొగులయ్య


మన్ననూరు,
1 జూన్ 2025

మామా,

నీ ఉత్తరం మేడమ్‌కు చూపించాను. దానితోపాటు నేను రాసిన ఒక కాగితం కూడా ఇచ్చాను. అందులో ఉన్నదే నీకూ రాస్తున్నాను.

పందిట్లోకి అడుగుపెట్టగానే నాకు తెలిసిపోయింది. పాల ఆకు నాకు తెలియకపోవడం ఏమిటి? కొమ్మ చివర గుత్తిగా, కొనలో చిన్న నొక్కుతో ఉంటుంది. పైగా పిందెలు ఇంకా దానికే ఉన్నాయి. పదకొండు. అందరూ నేను భక్తిగా పసుపు రాస్తున్నాననుకున్నారు. నేను పిందెలు ఒక్కొక్కటే గిల్లి సంచిలో వేసుకున్నాను. ఆకుల మీద మందంగా పసుపు పూశాను. మామిడి తోరణం ఒకటి తెచ్చి దాని చుట్టూ తిప్పాను. మేడమ్ నాలుగు బారల దూరంలో కూర్చుని ఉంది. ఆవిడ గుర్తుపడుతుందేమోనని భోజనాలకు అందరికంటే ముందు ఆవిడనే లేపి తీసుకుపోయాను.

శోభ పెళ్లిలో గొడవ ఎందుకని నాకు నేను చెప్పుకున్నాను. అది తరువాత కల్పించుకున్న మాట. ముందు వచ్చింది భయం. చెట్టు పత్రం మీద హామీ సంతకం నాది, ఈ పని పోతే నాకు ఇంకో పని రాదు.

దానికంటే ముందుది ఇంకొకటి ఉంది. "చూద్దాం" అని నువ్వు జనవరిలో రాసినప్పుడే నీ ఉద్దేశం నాకు అర్థమైంది. వద్దు మామా అని ఒక కార్డు ముక్క రాస్తే సరిపోయేది. మేనమామ ముచ్చటకు అడ్డం పడ్డానని అమ్మ అంటుందని రాయలేదు. నాలుగు రోజుల ముందు రాకపోవడానికి విత్తనాల పని కారణం కాదు. వస్తే కొమ్మ కొట్టే రోజు నేను అక్కడ ఉండాలి.

ఇక కుర్మయ్య. నీ మార్చి ఉత్తరం అబద్ధమని ఈ నర్సరీలో తెలిసిన మనిషిని నేను ఒక్కదాన్నే. అది తెలిసే ఆయన పేరు టైపు చేశాను. శనివారం దాకా ఆగుతానంటే నీకు అవకాశం ఇస్తున్నానని అనుకున్నాను. నువ్వు చెప్పేస్తే నేను చెప్పక్కర్లేదు కదా, అది నా ఆశ. బస్టాండులో ఫోను పట్టుకుని రోజూ నిలబడ్డాను, నీ ఫోను రాలేదు. నేను కూడా నీకు చేయలేదు. నువ్వు ఒప్పుకునేదాకా నిన్ను ప్రశ్నలతో పొడిచాను, నేను శుద్ధురాలినైనట్టు. నీ ఉత్తరంలో "ఇంత కటువుగా" అన్న మాట దగ్గర సిగ్గుతో చచ్చిపోయాను.

మేడమ్ అంతా చదివి, "చెట్టు బతుకుతుందో లేదో వానలు పడితే తెలుస్తుంది. ఆ మనిషి ఎక్కడున్నాడు?" అని మాత్రం అడిగింది. వెంచరు వాళ్లకు మన ఇద్దరి పేర్లతో ఇంకో ఉత్తరం పోయింది. నన్ను విత్తన చెట్ల పని నుంచి తప్పించి మొక్కలకు నీళ్లు పోసే పనిలో పెట్టారు. తీసేయలేదు. తీసేసి ఉంటే తేలికగా ఉండేది.

ఎనిమిదో తేదీ ఆదివారం వస్తున్నాను. ఇద్దరం కలిసి ఆరాంఘర్ పోదాం.

సంతోషి


శంషాబాద్,
5 జూన్ 2025

సంతోషీ,

నీ ఉత్తరం నిన్న, బుధవారం అందింది. తారీఖు సరిగ్గానే రాస్తున్నాను.

ఆదివారం దాకా ఆగలేదు. నువ్వు పక్కన ఉంటే నీ వెనక నిలబడి నీతోనే మాట్లాడిస్తానేమోనని భయం వేసింది. ఈ పొద్దున ఏడింటికే ఆరాంఘర్ పోయాను. కుర్మయ్య ఫుట్‌పాత్ అంచున కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నిలబడి, "నేను కొట్టిన కొమ్మకు నీ పేరు చెప్పిన కుర్మయ్యా" అన్నాను.

"నాకెర్కనే గద పోస్ట్ సారూ. నిచ్చెన నేనే పట్టుకుంటిని" అన్నాడు.

"మరి ఆఫీసోళ్లు అడిగినప్పుడు ఎందుకు చెప్పలే?"

"పెండ్లి పాలపొరక సారూ. దాని మీద పంచాయితీ పెడితే కొత్త పెండ్లిపిల్లకు మంచిగుంటదా? మేకలకు కొట్టిన అని ఒప్పుకున్న. నా ఇంటిది ఇప్పటికీ లొల్లి పెడతది."

వెంచరు వాళ్లకు కాగితం పోయింది, నీ పేరు తీసేశాం, మళ్లీ గేటు దగ్గరకు రా అని ఏదేదో అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "గేటు కాడ అందరు నన్ను దొంగ అన్నరు. గది కాయిదంతోని పోతదా సారూ?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. ఇన్నేళ్లు కాగితాలు మోసినవాణ్ణి, పోతుందని చెప్పలేకపోయాను.

తరువాత, "శోభమ్మ మంచిగున్నదా?" అని అడిగాడు.

ఉన్నదని చెప్పి అతని పక్కనే కూర్చుండిపోయాను. చివరికి అతనే, "లేవుండ్రి సారూ, మేస్త్రీ వస్తే మిమ్మల్ని గూడ కూలోడు అనుకుంటడు" అన్నాడు. లేవలేదు. మేస్త్రీ వచ్చి కుర్మయ్యను పనికి పిలుచుకుని పోయేదాకా అక్కడే ఉన్నాను.

నువ్వు ఆదివారం రా. నువ్వు చెప్పవలసింది నువ్వు చెప్పాలి. నాది నేను చెప్పాను, తేలికేమీ కాలేదు.

మామ,
మొగులయ్య